మూడు ఎమ్మేలు, రెండక్షరాలు, ఓ చుక్క

మాధవీలతకి మూడు ఎమ్మేలున్నాయి. ముందు చరిత్ర, తర్వాత హిందీ, ఆ తర్వాత సమాజశాస్త్రం. మూడూ బిలాస్‌పూర్ రైల్వే బడిలో పాఠాలు చెప్పుకుంటూ ప్రైవేటుగా కట్టి పాసైనవే. ఇన్నెందుకమ్మా అని అడిగితే ఆమె జవాబు ఒక్కటే: పీహెచ్‌డీకి కలిసొస్తాయని.

ఈ కలిసి రావడం అనే మాట ఆమెది కాదు, తండ్రి నూకరాజుది. ఆయన శ్రీకాకుళం వైపు నుంచి వచ్చి రైల్వేలో పదకొండేళ్లు టెంపరరీ ఖలాసీగా చేసి, ఆపైన పెయింటరయ్యాడు. రిటైరైనప్పుడు ఆ పదకొండేళ్లూ పింఛన్లో కలిశాయి. అది మొదలు ఆయనకదే వేదం. “సేసిన సర్వీసు ఎక్కడికీ పోదమ్మా. ఎప్పుడో ఒకప్పుడు కలుస్తాది” అనేవాడు. కూతురు నమ్మింది. నమ్మదూ మరి, తార్‌బహార్ రైల్వే కాలనీలో పుట్టిన పిల్లకి రైల్వే రూలుని మించిన రూలేముంటుంది? పీహెచ్‌డీలో ఒక్కో ఎమ్మేకి ఓ ఏడాదైనా తగ్గిస్తారనుకుంది. అడగాల్సిన వాళ్లని మాత్రం ఒక్కనాడూ అడగలేదు. చదువుకున్నవాళ్లతో వచ్చిన చిక్కే ఇది.

క్వార్టరు గుమ్మం పక్కన ఆమె పేరు బోర్డుండేది. నల్ల రేకు మీద తెల్ల ఇంగ్లీషు అక్షరాలు, నూకరాజు రాసినవి. పేరుకి ముందు బెత్తెడు జాగా వదిలాడు. “అది డాక్టరుకి” అనేవాడు. స్టేషన్ల పేర్లు రాసిన చెయ్యి అది. ఆయనకి చదవడం రాకపోయినా అక్షరం వంకర పోయేది కాదు. పంతొమ్మిది వందల తొంభై ఒకటి నాటికి ఆ చెయ్యి వణకడం మొదలెట్టింది. టీ గ్లాసు రెండు చేతులతో పట్టుకునేవాడు. మాధవీలతకి బెంగ పట్టుకుంది. ఆ జాగా ఆయన చేతే నిండాలి, ఇంకెవరి చేతా కాదు.

అప్పుడు పరిగెత్తింది యూనివర్సిటీకి. చరిత్ర ప్రొఫెసరు రమణమూర్తిగారు మూడు పట్టాలూ చూసి, రెండు పక్కన పెట్టారు.

“మాకు పనికొచ్చేది చరిత్ర ఒక్కటేనమ్మా. దాంతో చేరొచ్చు, అంతే. చేరాక ఎవరికైనా రెండేళ్లకి తక్కువ కాదు. ఉద్యోగం చేస్తూ అంటే ఐదేళ్లనుకోండి.”

“మిగతా రెండూ?”

“అవి వేరే చదువులు. మొదటి ఎమ్మే కాగానే వచ్చి ఉంటే ఈపాటికి అయిపోయేది.”

రిక్షా ఎక్కబుద్ధి కాక చాలాదూరం నడిచింది. కోపం వచ్చింది. కాసేపు నాన్న మీద, ఎక్కువసేపు తన మీద. ఇంటికొచ్చి దాచకుండా చెప్పేసింది.

“కలవవంట నాన్నా.”

“ఏటి కలవవు?”

“నా ఎమ్మేలు. ఐదేళ్లు పడుతుందంట.”

నూకరాజు టీ గ్లాసు కింద పెట్టాడు. “నా మాట ఇని పాడైపోనావు” అన్నాడు. ఆమెకి దుఃఖం ఆగలేదు. తండ్రి మీద కోపమంతా అక్కడే పోయింది.

“బోర్డు దించు” అన్నాడు.

“ఇంకా రాలేదు కద నాన్నా.”

“నీకు ఐదేళ్లు కావాల. నా సెయ్యి అందాకా ఆగదు.”

కుడి మణికట్టుని ఎడమ చేత్తో బిగించి పట్టుకుని రాశాడు. డీ, ఆర్, ఆ రెండక్షరాలకి గంట పట్టింది. చివర చుక్క పెట్టేటప్పుడు చెయ్యి అదిరి, రంగు కిందికి కారింది. ఆమె తుడవబోతే వద్దన్నాడు. ఆరాక పాత చీర చుట్టి బీరువా మీద పెట్టించాడు. “పట్టా వొచ్చాక తగిలించు. ముందే తగిలించావో, ఊరుకోను” అన్నాడు.

మర్నాడే మాధవీలత పీహెచ్‌డీకి దరఖాస్తు పెట్టింది. ఉత్తరాంధ్ర నుంచి ఈ రైల్వేకి వచ్చిన కూలీల మీద పరిశోధన. పాత హిందీ ఫైళ్లు చదవడానికి ఒక ఎమ్మే, లాల్‌ఖదాన్ బస్తీలోని తెలుగు ముసలమ్మల చేత మాట్లాడించడానికి ఇంకో ఎమ్మే అక్కరకొచ్చాయి. అయినా ఒక్కరోజూ తగ్గలేదు. ఐదేళ్లూ పట్టింది. మూడో ఏట నూకరాజు పోయాడు.

తొంభై ఆరులో పట్టా అందిన రోజు ఆమె బోర్డు తీసి తగిలించింది. నూకరాజు దగ్గర పని నేర్చుకున్న పెయింటరు సత్యనారాయణ చూడ్డానికొచ్చి, నొచ్చుకున్నాడు.

“చుక్క కారిపోయిందక్కా. బ్రష్షు తెచ్చి సరిచేస్తానుండు.”

“ముట్టుకోకు” అంది మాధవీలత. “ఆ చుక్క కోసమే చదివాను.”