గట్టిమేళం మోగిన క్షణం

మొన్న వాటర్లూలో మా అమ్మాయి ఇంట్లో ఉండగా, మిక్సీ వేసేముందు అల్లుడు మనవరాలితో "సౌండ్ వస్తుంది తల్లీ" అని చెప్పడం, అది నెమ్మదిగా హెడ్‌ఫోన్స్ పెట్టుకుని, కిటికీలో నిలబెట్టిన చెంచాకే మళ్లీ మళ్లీ ఫోటోలు తీసుకోవడం చూసి నా గుండె ఝల్లుమంది. దానికి ఆటిజం ఉందన్నారు. మాటలతో చెబితే ఎక్కదట, ఒకే పని తనంతట తాను పదేపదే చేసుకుంటేనే వస్తుందట. అమ్మాయి ఇదంతా చెబుతూంటే పిల్ల గురించి కాక నా గురించే చెబుతున్నట్టనిపించి, చేతిలో కాఫీ చల్లారిపోయింది.

ఈ దేశం వచ్చి ఎటోబికోలో కాపురం పెట్టిన కొత్తలో నాకు ఫోన్ మోగితే భయం, లిఫ్టులో ఎవరైనా పలకరిస్తారేమోనని భయం. మన తరం వాళ్లకు తెలియనిదేముంది, అలాంటి ఆడదానికి పొగరని పేరు పెట్టి ఊరుకునేవారు. మా వారు కొన్న చిన్న డిజిటల్ కెమెరా ఒక్కటే నన్ను కంగారు పెట్టని వస్తువు. దానితో వచ్చిన పుస్తకం చదివితే ఒక్క ముక్క బుర్రకెక్కలేదు, ఆయన పక్కన కూర్చుని చెప్పబోతే ఉన్నదీ పోయింది. చివరికి కిటికీలో స్టీలు గ్లాసు పెట్టి, కెమెరా మీది చక్రాన్ని ఒక్కో గీతే జరుపుతూ, వెలుగు ఎలా మారుతోందో కళ్లతో చూసి నేర్చుకున్నాను. ఆ ధ్యాసలో కూరలు మాడిన రోజులు కూడా ఉన్నాయి.

ఆ సంగతి తెలిసి మా పెద్దాడపడుచు తన కూతురి పెళ్లికి నన్ను పట్టుకుంది. "ఫోటోలకి మాట్లాడిన తెల్లాయనకి మన ముహూర్తం ఏం తెలుస్తుందమ్మా, తాళి కట్టేదాకా కూర్చుంటాడు. జీలకర్ర బెల్లం మాత్రం నువ్వే తియ్యాలి" అంది. కాదనలేక ఒప్పుకున్నాను కానీ ఆ రోజు నుంచి అన్నం సహించలేదు. ఒక్కసారే జరిగేదాన్ని నేను ఎలా నేర్చుకోను? ఇంట్లో దిండు నిలబెట్టి, పెళ్లికొడుకులా దాని నెత్తిన చేయి పెట్టమని మా వారిని రోజూ సతాయించాను. పాపం, నవ్వుకుంటూనే పెట్టేవారు.

అన్నీ సాధన చేశాను, చప్పుడు తప్ప. పంతులుగారు చేయెత్తగానే స్పీకర్లలోంచి గట్టిమేళం విరుచుకుపడింది. తల పగిలిపోతున్నట్టయి నా రెండు చేతులూ చెవుల మీదికి పోయాయి, కెమెరా మెడలో వేలాడింది. కళ్లు తెరిచేసరికి జీలకర్ర బెల్లం పెట్టడం అయిపోయి అక్షింతలు రాలుతున్నాయి. తెల్లాయన నిజంగానే తాళి కోసం చూస్తూ ఒక పక్కన నిలబడి ఉన్నాడు.

ఆడపడుచు వచ్చి ఫోటో చూపించమంది. ఒక్కగానొక్క కూతురి ముహూర్తం, కావాలనే తీయలేదనుకుంటే జన్మలో క్షమించదు. ఇంతలో మా వారు అడ్డం వచ్చి, "బ్యాటరీ అయిపోయిందక్కా, చార్జింగ్ పెట్టడం నేనే మర్చిపోయా" అన్నారు. ఆవిడ అందరి ముందూ ఆయన్ని దులిపేసింది. నేను మాత్రం, ఎవరైనా మీట నొక్కితే కెమెరా వెలుగుతుందేమోనని భోజనాల దగ్గర కూడా దాన్ని కొంగు కిందే దాచుకున్నాను. పసిపిల్ల అయిన మా అమ్మాయి ఆడుకోవడానికి ఇమ్మని చేయి చాస్తే కసురుకున్నాను. కారెక్కాక ఎందుకు తీయలేదని ఆయన అడుగుతారని మరో భయం. ఆయన అడగలేదు, ఆ తరువాత కూడా ఎన్నడూ ఆ ఊసెత్తలేదు.

ఇప్పటి పిల్లలకు చప్పుడు వస్తుందని ముందే చెబుతున్నారు, సంతోషమే. కానీ ఇల్లు దాటి, బడి దాటి వెళ్లాక ఈ పిల్ల కోసం ఎవరు ఆగుతారోనన్న భయం నన్ను వదలడం లేదు. నీకూ అదేనేమో అమ్మా, డాక్టరుకు చూపించుకుందామంటోంది అమ్మాయి. ఆటిజం అన్న ఆ మాట అప్పుడే తెలిసి ఉంటే, నా చేతులు కెమెరాను ఎందుకు వదిలేశాయో ఒక్క మనిషికైనా చెప్పుకునేదాన్ని. ఆయన పోయి చాలా ఏళ్లయింది. అర్థమై అడగలేదో, అర్థం కాకపోయినా సర్దుకుపోయారో, ఇక నాకు చెప్పేవారు లేరు.