రంగెక్కని పుప్పొడి

1962లో కరీంనగర్ దగ్గరి ప్రభుత్వ ద్రాక్షతోటకు నన్ను పరిశోధన సహాయకుడిగా పంపారు. మొగ్గల్లో క్రోమోజోములు ఎలా విడిపోతున్నాయో, పుప్పొడిలో పస ఉందో లేదో సూక్ష్మదర్శినిలో చూడటం నా పని. పుప్పొడిని రంగు ద్రవంలో వేస్తే మంచి రేణువు ఎర్రబడుతుంది, తాలు రేణువు వెలవెలబోయి ఉంటుంది.

మా పందిరి నడుమ ఒక తీగ రూపు మార్చుకుంది. ఆకులు మందం, పండ్లు లావు. దాని కణాల్లో క్రోమోజోములు రెట్టింపయ్యాయి. జంటలుగా విడిపోవలసినవి గుంపులుగా అతుక్కునేవి, కొన్ని వెనకబడి దారితప్పేవి. పుప్పొడి దాదాపు తాలే. అయినా గుత్తులు నిండుగా వచ్చేవి.

ఈ సంగతి మా ఉద్యాన అధికారికి చెప్పాను. ఆయన నన్ను పందిరి కిందికి తీసుకుపోయి పైకి చూపించారు.

"కండ్ల ముందర గుత్తులు ఏలాడుతుంటే నీ అద్దం ఏం చెప్తే ఏందయ్యా?"

నేనూ గుత్తులనే నమ్మాను. వాటిని కాయించింది పక్క తీగల పుప్పొడి అని ఆలోచించలేదు.

ఆ తీగ కొమ్మలను లక్సెట్టిపేట రైతు రాజమల్లుకు ఇచ్చాం. తోట నుంచి తోటకు కొమ్మలు పోతాయి కనుక రకాలు కలవకూడదని మా నియమం. పాత తీగలన్నీ పీకమని అతనికి చెప్పింది నేనే.

"గవి మా బాపు పెట్టినయి సారూ. పండు చిన్నదే గని కాపు తప్పలే. ఒక్క వరుసన్న ఉంచుకుంట," అన్నాడు.

కల్తీ అవుతుందన్నాను. నా ఎదుటే పీకించాడు.

కొత్త తీగలు పందిరంతా కమ్ముకున్నాయి. పూత వచ్చింది, రాలింది. మరుసటి ఏడూ అంతే. నేను వెళ్లేసరికి రాజమల్లు పందిరి కింద ఎద్దులను కట్టేశాడు. అరచేతికి మించిన ఆకు ఒకటి తుంచి నా చేతిలో పెట్టాడు.

"ఆకులైతే మంచిగున్నయి సారూ. ఇస్తార్లు కుట్టుకోమంటరా?"

జిల్లా సమావేశంలో మా అధికారి, తోట పూత మీద ఉండగా నీళ్లు పెట్టి, పూత రాలేలా రైతే చెడగొట్టుకున్నాడని చెప్పారు. పక్కనే కూర్చున్న నేను అవునన్నాను. ఆ తర్వాత రాజమల్లుకు మా శాఖ నుంచి మొక్కలు ఇవ్వలేదు. అతని మాట తోటి రైతులు కూడా నమ్మలేదు. ఆ పందిరి గుంజలు వంటచెరుకైపోయాయి.

రాజమల్లు పూత మీద నీళ్లు పెట్టలేదు. ఆ తీగలకు కావలసిన పుప్పొడి అతని పాత తీగల్లో ఉండేది. రైతుకు మొక్క ఇచ్చేవాడు దాని పక్కన ఏది ఉండాలో ముందు తెలుసుకోవాలి. తెలియకపోతే, ఉన్నదాన్ని పీకించకూడదు.