మృగశిర నాటి కొర్రమీను

నాచారంలో ఫుడ్ టెస్టింగ్ ల్యాబ్‌లో నా ఉద్యోగం. చేపలు, పనీర్, బోరు నీళ్లు, ఏది వచ్చినా అందులోని క్రిముల్ని పెంచి, ఏం పెరిగిందో రాసివ్వాలి. అక్కడ గ్లోవ్స్ లేకుండా దేన్నీ ముట్టను. ఇంటికొస్తే ఆ తెలివంతా గేటు బయటే వదిలేస్తాను. అదే కొంప ముంచింది.

మా మామయ్యకు ఉప్పల్‌లో టైలర్ షాపు, ఒంట్లో షుగర్. మృగశిర కార్తె రోజు చేప తినకపోతే ఆయనకు వానాకాలం మొదలైనట్టే కాదు. ఆరోజు రద్దీ అని ముందురోజే బతికున్న కొర్రమీనుని తెచ్చి బకెట్లో వేశారు. పొద్దున్నే బూడిద రాసి తోమి, కోస్తుంటే కత్తి జారి బొటనవేలు తెగింది.

"జరంత కోసుకుంది బిడ్డా."

"ఏం కాదు మామయ్యా, పసుపు అద్దండి," అన్నాను, ఉల్లిపాయల మీంచి తలెత్తకుండానే. పులుసు మాత్రం అదిరింది!

మర్నాటికి వేలు ఉబ్బిపోయింది. ఎరుపు మణికట్టు దాకా పాకింది, చలిజ్వరం. ఆ వేలు పోతే ఆయన కత్తెర పట్టేదెలా? దవాఖానాకు పరిగెత్తాం. చీము తీసి పరీక్షకు పంపారు. రిపోర్టులో పేరు చూసి తల పట్టుకున్నాను. ఏరోమోనాస్! నీళ్లలో, చేపల్లో, తిండిలో మామూలుగా ఉండే బాక్టీరియానే. ఊరికే ఎవరి జోలికీ పోదు. తెగిన చర్మం, షుగరున్న ఒళ్లు దొరికితే మాత్రం వదలదు. ల్యాబ్‌లో నేను రోజూ చూసే మొహమే, ఆ మాటే పైకి అనేశాను.

"ఏంది బిడ్డా, నీకు దోస్తా అది?" అన్నారు మంచం మీంచి. నేను భోరుమన్నాను.

"నేనే పసుపు అద్దమన్నాను మామయ్యా. కనీసం చూడనైనా లేదు."

"ఊకో. కోసుకున్నది నేను గదా."

వేలు దక్కింది. కాకపోతే చివర సరిగ్గా వంగదు. కాజాలు కుట్టడానికి ఇప్పుడు రెట్టింపు సేపు పడుతోంది.

ఈ ఏడు మృగశిరకు మళ్లీ కొర్రమీను తెచ్చారు. వద్దంటే వింటారా! ల్యాబ్ గ్లోవ్స్ తెచ్చి పెట్టాను. అవి తొడుక్కునే ముందు ఆయన వంటింట్లోకి వచ్చి రెండు చేతులూ నా ముందు చాపారు.

"సూడు బిడ్డా. నువ్వు సూసినంకనే చేపను ముడుత."

ఉల్లిపాయలు పక్కన పెట్టి, పది వేళ్లూ ఒక్కొక్కటిగా చూశాను.