మేడం ఫోన్

సైరన్ కూస్తే నాకు ఇప్పటికీ మా కాలేజీల కంప్యూటర్ నెట్‌వర్క్స్ చెప్పిన మేడమే యాదికొస్తది. ఆమె భర్త బొగ్గు బాయిల పని చేసేటోడు. బాయిలకు ఫోన్ తీసుకపోనియ్యరు. అందుకే షిఫ్టు అయిపోయి పైకి రాంగనే మేడంకు ఒక మిస్డ్ కాల్ ఇచ్చేటోడు. షిఫ్టు అయిపోయిందని బాయి కాడ కూసే సైరన్ వినంగనే ఆమె పాఠం ఆపి, బల్ల మీది ఫోన్ దిక్కు చూసేది. అది మోగి ఆగినంకనే మళ్ల చాక్‌పీసు పట్టేది. మేం ఒకరి మొఖం ఒకరం చూసుకొని నవ్వుకునేటోళ్లం.

ఒకరోజు ఫోన్ మోగలేదు. బాయిల పైకప్పు కూలి ఆయన చనిపోయిండని సాయంత్రం తెలిసింది.

దశదినకర్మ అయినంక మేడం క్లాసుకు వచ్చింది. ఆపిన కాడి నుంచే మొదలుపెట్టింది.

"ఇంటర్నెట్‌ల మనం పంపేది ముక్కలు ముక్కలుగా పోతది. ఒక్కో ముక్క ముట్టినట్టు అవతలి నుంచి జవాబు రావాలె. రాకపోతే మన కంప్యూటర్ ఆ ముక్కను మళ్ల పంపుతది."

"ఎన్నిసార్లు పంపినా జవాబు రాకపోతే, మేడం?" అని వెనుక బెంచీల పిల్ల అడిగింది.

"కొంతసేపు చూస్తది బిడ్డా. ఇగ రాదని ఊకుంటది."

అంతల్నే సైరన్ కూసింది. మేడం చాక్‌పీసు కింద పెట్టింది. బల్ల మీద బోర్లా ఉన్న ఫోన్‌ను మెల్లగ తిప్పి, దాని దిక్కు చూసుకుంట నిలబడ్డది.