మా కోడలు తుపాకీ నేర్చుకున్న వైనం

మా కోడలు అక్షయ మామిడి అంటు కొనడానికి నర్సరీకి వెళ్తే ముందు తల్లిచెట్టు చూపించమంటుంది. చూపించకపోతే లేచి వచ్చేస్తుంది. ఒకసారి అలాగే నన్ను మూడు నర్సరీలు తిప్పి, పొద్దు గూకే వేళకి ఉత్త చేతులతో ఇంటికి తెచ్చింది. ఆ రోజు నాకు ఒళ్ళు మండింది. ఇప్పుడు ఇంటికెవరొచ్చినా ఆ సంగతి నేనే చెప్పుకుని మురిసిపోతున్నాను.

నా పేరు వెంకటసుబ్బారావు. మైలవరం దగ్గర పదకొండెకరాల మామిడితోట మాది. ఇల్లు తోటలోనే, ఊరికి మూడు కిలోమీటర్లు. ముప్పై ఎనిమిదేళ్ళుగా నా పేరు మీద లైసెన్సున్న రెండు గొట్టాల తుపాకీ ఒకటుంది. మొన్నటికి డెబ్బై ఆరు నిండాయి, చేతులు వణుకుతున్నాయి. మా అబ్బాయి సిద్ధార్థ విజయవాడలో బ్యాంకు ఉద్యోగి. దీపావళికి సీమటపాకాయ కాలిస్తేనే చెవులు మూసుకునే రకం. కిందటేడాది పక్క తోటలో దొంగలు పడి కాపలా మనిషి తల పగలగొట్టారు. ఆ వారమే అక్షయ నా దగ్గరికొచ్చి, "మావయ్యగారూ, లైసెన్సు నా పేరు మీదికి మార్పించండి. నేను నేర్చుకుంటాను" అంది.

మారాలంటే నేను సంతకం పెట్టాలి, తను శిక్షణ తీసుకున్నట్టు సర్టిఫికెట్ తేవాలి.

"నేను చెప్పినవాడి దగ్గర నేర్చుకో, అప్పుడు పెడతాను" అన్నాను.

నేను చెప్పినవాడు జయదేవ్. విజయవాడలో తుపాకీ కాల్చడం నేర్పే అకాడమీ పెట్టాడు. అబ్బో, ఆ మీసం, ఆ నల్లద్దాలు, గేటు మీద ఇంతెత్తు బొమ్మ! టీ ఇప్పించి, ఫోన్లో తన వీడియోలు చూపించాడు. గోడ మీది తుపాకీ తీసి అటూ ఇటూ తిప్పుతూ, ఎప్పుడెప్పుడు ఎవరెవర్ని హడలగొట్టాడో చెప్పాడు. నేను నోరు తెరుచుకుని వింటున్నాను. అక్షయ మాత్రం కుర్చీ పక్కకి జరుపుకుంది.

"సార్, మీ దగ్గర ఎప్పుడైనా పొరపాటు జరిగిందాండీ?" అనడిగింది.

"నా దగ్గరా! ఛాన్సే లేదమ్మా. నాలుగు రోజులు రండి, ఎగిరే పిట్టని కొట్టేలా తయారుచేస్తా."

నమస్కారం పెట్టి లేచింది. కారెక్కగానే నేను అందుకున్నాను. "పొరపాటే జరగలేదంటున్నాడు కదమ్మా! ఇంకేం కావాలి నీకు?"

"జరిగినా ఆయనకి కనబడదు మావయ్యగారూ. ఇప్పుడే రెండుసార్లు గొట్టం మన మీదుగా తిప్పారు. ఆ సంగతి ఆయనకే తెలీదు."

అక్కణ్ణించి భవానీపురం పోనిమ్మంది. అక్కడొక క్లబ్బులో స్టెల్లా గారని, పోలీసు శాఖలో హెడ్ కానిస్టేబుల్‌గా చేసి రిటైరైన ఆవిడ నేర్పుతున్నారని ఎవరో చెప్పారట. చూస్తే బక్కపలచటి మనిషి, మెళ్ళో తాడుకి వేలాడే కళ్ళజోడు. ఈవిడా నేర్పేది అనుకున్నాను. ఆవిడ తుపాకీ ఊసే ఎత్తలేదు. ఎందుకు నేర్చుకోవాలనుకుంటున్నావమ్మా అనడిగారు. తలుపులు గట్టివేనా, కుక్కుందా, ఇంట్లో ఫోన్ సిగ్నల్ అందుతుందా అని ఆరా తీశారు. "ముందు గేటు దగ్గర లైటు పెట్టించండి. తుపాకీ సంగతి ఆఖరున" అన్నారు.

అక్షయ ఈవిడ్నీ అదే ప్రశ్న అడిగింది. ఆవిడ కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు.

"జరిగిందమ్మా. పదహారేళ్ళ కిందట. ఇంటికెళ్ళే తొందరలో ఒకతని తుపాకీలో తూటా ఉందో లేదో చూడకుండా వదిలేశాను. పేలింది. అతని బూటు చివర ఎగిరిపోయింది, కాలు దక్కింది. తప్పు నాదే. అప్పట్నించి ప్రతిదీ నేను తెరిచి చూస్తాను, పట్టుకున్నవాళ్ళ చేతా తెరిపించి చూపిస్తాను."

"నాకు మీరే నేర్పాలండీ" అంది అక్షయ.

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. తప్పు చేశానని తన నోటితో చెప్పుకునే మనిషి దగ్గరా మా ఇంటి కోడలు నేర్చుకునేది! "అయితే నా సంతకం మాట మర్చిపో" అన్నాను. తను మర్నాటి ఆదివారం పొద్దున్నే బస్సెక్కి వెళ్ళింది.

ప్రతి ఆదివారం వెళ్ళేది. తిరిగి రాగానే గుమ్మంలోనే అడిగేవాణ్ణి. "ఏమ్మా, ఇవాళైనా కాల్చావా, కాఫీ తాగి వచ్చావా?"

"తెరిచి చూడ్డం నేర్పుతున్నారండీ."

"అయిదు వారాలు! బడిలో పిల్లలు అయిదు వారాల్లో ఎక్కాలు నేర్చుకుంటారు."

"తాను పట్టిన కుందేలుకి మూడే కాళ్ళంటారు మీరు. ఆ పిల్లనెందుకు సాధిస్తారు?" అనేది మా ఆవిడ వెంకటరత్నమ్మ. ఆరో వారం నుంచి అక్షయ కాల్చడం మొదలుపెట్టి, చివరికి సర్టిఫికెట్ తెచ్చింది. నేను సంతకం పెట్టలేదు. కాయితాలు బీరువాలో పడున్నాయి.

దసరాల్లో ఆయుధపూజ నాడు ట్రాక్టరు, మందు కొట్టే స్ప్రేయరు, కొమ్మలు కత్తిరించే కత్తులు అన్నీ కడిగి వాకిట్లో పెట్టాం. తుపాకీ నేనే తుడిచాను. తెరిచి రెండు గొట్టాలూ చూసి, ఖాళీ అని రూఢి చేసుకుని బల్ల మీద పెట్టాను. "పూజయ్యాక కోడలి చేతికిచ్చి, ఆ స్టెల్లా గారు ఏం నేర్పారో చూస్తాను" అని ఇంట్లో వినబడేలా అని స్నానానికి వెళ్ళాను.

పూజయింది. కూలీలూ సిద్ధార్థా చుట్టూ నుంచున్నారు. తుపాకీ అక్షయకిచ్చాను.

"ఏదీ, ట్రాక్టరు వైపు గురిపెట్టి ఒక్కసారి ట్రిగ్గర్ నొక్కు, పట్టు చూస్తాను. ఖాళీదే, పొద్దున నేనే చూశాను."

మా ఆవిడ ట్రాక్టరు చక్రం కింద నిమ్మకాయ పెట్టి అప్పుడే నడుం ఎత్తుతోంది. పది అడుగుల దూరం.

అక్షయ గొట్టాన్ని నేలకి దించి తుపాకీ తెరవబోయింది. పదిమందిలో తల తీసేసినట్టయింది నాకు. "ఖాళీదని చెప్పానా లేదా? నా మాట మీద అంత నమ్మకం లేదా నీకు?" అని కేకేశాను. తను తల కూడా ఎత్తలేదు. తెరిచింది. గోటితో లాగి అరచేతిలో పెట్టి నాకు చూపించింది. ఎర్రటి తూటా.

"ఇదెవరు పెట్టారు?" అన్నాను.

"నేనే పెట్టానండీ" అంది వెంకటరత్నమ్మ. "కోడలికి మొదటిసారి చేతికిస్తున్నారు కదా, ఒట్టిది ఎలా ఇస్తాం? పక్కింటివాళ్ళ గిన్నె తిరిగిచ్చేటప్పుడే చిటికెడు పంచదార వేసిస్తాం. అందుకని మీరు స్నానానికెళ్ళినప్పుడు, ఇన్నేళ్ళుగా మీరు పెట్టడం చూసినట్టే ఒకటి..." అంటూ తానెక్కడ నుంచుందో చూసుకుంది. అక్కడే కూలబడింది.

సిద్ధార్థ మంచినీళ్ళు తేవడానికి పరిగెత్తాడు. నేను బీరువా తీసి ఆ కాయితాలు తెచ్చి, తుపాకీ పెట్టిన బల్ల మీదే సంతకం పెట్టాను. అక్షరాలు వంకరపోయాయి. కూలీలందరికీ వినబడేలా, "ఇది నా కోడలు! భవానీపురం స్టెల్లా గారి దగ్గర నేర్చుకుంది" అని అరిచాను. అక్షయ వాళ్ళత్తగారి వీపు నిమురుతూ కూర్చుంది.

ఊపిరి కుదుటపడ్డాక మా ఆవిడకి మాటలొచ్చాయి. "అయితే మీరు చెప్పినా సరే, పిల్ల మీ మాట నమ్మలేదన్నమాట!"

"నమ్మలేదు రత్నం" అన్నాను. "నమ్మి ఉంటే ఈ మాట అడగడానికి నువ్వుండేదానివి కాదు."