హారతి పాటకు కీబోర్డు బాక్సు

కిందటేడు కార్తీకమాసం రెండో సోమవారం, ఉదయం తొమ్మిది గంటల పది నిమిషాలు. మండపేటలో మా ఇంట్లో సోమవారం భజనకు ఇరవై ముగ్గురు ఆడవాళ్లం చేరాం. గొంతు ఆపరేషన్ అయిన ఎనిమిది నెలలకు మా తోడికోడలు అనసూయ ఆ రోజు హారతి పాడతానంది. గొంతు ఇంకా సన్నగానే ఉంది. మైకుసెట్టు అతను రాలేదు. మైకు ఒక్కటే మా దగ్గరుంది.

“మీ స్పీకరు బాక్సుకే తగిలించండి,” అన్నాను కీబోర్డు వాయించే సూరిబాబుగారితో.

“ఇది వాయిద్యానికండి పిన్నిగారూ. మైకు సరిగ్గా పలకదండి.”

“పిన్ను పట్టింది కదండీ, పలక్కేం?”

అనసూయ ఎత్తుకున్న పాట వినబడీ వినబడనట్టు వచ్చింది. ఆయన వద్దంటున్నా నేనే వెళ్లి సౌండు చివరిదాకా పెంచాను. హారతి పాడేవాళ్లు దేవుడికి ఎదురుగా కూర్చోవడం మా ఆనవాయితీ. బాక్సేమో దేవుడి పక్కనే ఉంది. మైకు దానికే ఎదురైంది. చెవులు చిల్లులు పడేలా కూత పెట్టి, స్పీకరు బర్రుమని చిరిగిపోయింది.

అనసూయ రెండు చేతులతో గొంతు పట్టుకుంది. “నా గొంతు ఇలా అయిపోయిందా అక్కా?”

“నీది కాదే, ఆ బాక్సుది!”

నమ్మలేదు. ఏడుస్తూ వెళ్లిపోయింది.

ఎన్నిసార్లు పిలిచినా రాలేదు. పదకొండు సోమవారాలు గడిచాక, పన్నెండో సోమవారం తనంతట తనే వచ్చి, మైకు లేకుండా పాడింది. మేమే చప్పట్లు ఆపి దగ్గరికి జరిగాం. మొదటి రోజే అలా జరగాల్సింది, నాకు తోచలేదు.

నా తొందరకు పోయినవి: ఒక స్పీకరు, సగం హారతి పాట, అనసూయ లేని పదకొండు సోమవారాలు.