మా దుకాణం మంచిదని ఎవరూ చెప్పలేదు

ఈమధ్య సహకార శాఖవారి సంచిక ఒకదానిలో మా ఊరి దుకాణం గురించి రెండు వాక్యాలు చదివాను. మొదట్లో సభ్యులకే దానిమీద నమ్మకం లేదట, అధికారులు బుద్ధి చెప్పాక బాగుపడిందట. నేను బడిలో చదివింది ఉర్దూ నాలుగో జమాత్ వరకే. తెలుగు చదవడం సుల్తానాబాదు గ్రంథాలయంలో కూర్చుని నాకు నేనే నేర్చుకున్నాను. అక్కడి బీరువాల్లో నేను తెరవని పుస్తకాలు తక్కువ. అచ్చులో పడ్డ అబద్ధం నోటిమాటతో చెరిగిపోదని ఆ చదువు వల్లే తెలిసింది. అందుకే ఇది రాసి పెడుతున్నాను.

అంతకుముందు ఊళ్లో ఉన్నది షావుకారు దుకాణం ఒక్కటే. ఇంటింటా వాటాలు పోగుచేసి, ఉప్పూ పప్పూ నూనే సబ్బూ అమ్మే దుకాణం మేమే పెట్టుకున్నాం. బట్టలు కుట్టే సాయిబు ప్రెసిడెంటు. అమ్మకం, లెక్కలు నావి. ఏడాది తిరగకముందే పక్క ఊళ్ల వాళ్లు కూడా సంచులు పట్టుకుని రాసాగారు. అప్పుడే కబురు వచ్చింది: తాలూకాలో కొత్తగా పెట్టిన దుకాణాల్లో బాగా నడిచేదానికి మెప్పు పత్రం ఇస్తారు, దాంతోపాటు చక్కెర, గ్యాసునూనె అనే కిరోసిను కోటా కూడా. ఆ రెండూ అప్పటిదాకా షావుకారు చేతిలోనే ఉండేవి. అవి మాకు వస్తే దుకాణం నిలబడ్డట్టే.

చూడటానికి వచ్చిన అధికారి కోస్తా నుంచి కొత్తగా బదిలీ అయి వచ్చినవాడు. లెక్కలు తిరగేసి, ఇంత శుభ్రంగా ఉన్నాయంటే నిన్ననే కూర్చుని రాశారా అని నన్ను అడిగాడు. నాకు మండింది. సభ్యులనే అడగండి అన్నాను. సరేనని వీధిలోకి నడిచాడు.

మొదటి ఇల్లు మాకు అందరికంటే ముందు వాటా కట్టిన ముసలమ్మది. సాలెవాళ్ల ఇల్లు. దుకాణం ఎట్లా ఉందమ్మా అని అడిగాడు.

"ఏం దుకాణం సారూ," అందామె, ఆసుకు నూలు పోస్తున్న చెయ్యి ఆపకుండానే. "ఉప్పు తడి. పప్పుల రాళ్లు. ఎవడు పోతడు?"

పక్కింటి రైతు ఇంకా నయం, ఆ దుకాణం ఎక్కడుందో తనకు సరిగ్గా తెలియదన్నాడు. ఆ పొద్దున్నే మా దగ్గర బెల్లం కొనుక్కుపోయాడు. వీధి చివరిదాకా అదే వరస. అధికారి రాసుకుంటున్నాడు. వెనకాల నడుస్తూ నేను ఒక్కొక్కరి మొహమే చూస్తున్నాను, షావుకారు ఎవరికి ఏం ముట్టజెప్పాడా అని.

అధికారి పోగానే ముసలమ్మను నిలదీశాను, షావుకారు ఏమిచ్చాడని.

"షావుకారా? వాని మొగం. నీ దుకాణం బతకాలెననే అట్లన్న బిడ్డా. పంట మంచిగున్నదని మా మామ ఒక్కమాట అన్నడు, లెవీకి గుమ్మిల వడ్లన్ని అడుగుదాక ఊడ్చుకపోయిన్రు. సర్కారోడు అడిగితె మంచిగున్నదంటరార? గన్ని పుస్తకాలు సదివినవు, గిది తెల్వదా?"

నిజమే, అది ఏ పుస్తకంలోనూ లేదు. నిజాం కాలపు లెవీ, ఆ బలవంతపు ధాన్యం వసూలు, పోయి ఏళ్లయింది, భయం పోలేదు. అడిగితే ఇంటింటా అదే జవాబు.

మెప్పు ఇంకో ఊరికి పోయింది. మాకు కాగితం ఒకటి వచ్చింది: సభ్యులకే ఇష్టం లేని దుకాణాన్ని మూసి, సరుకు ఆ ఊరి దుకాణంలో కలిపెయ్యాలని. సాయిబు కుట్టుమిషను మీది నుంచి లేచి, "గిప్పుడు జర నిజం చెప్పక తప్పదు," అన్నాడు. తాలూకా ఆఫీసుకు బండి కట్టించి ముసలమ్మను కూడా ఎక్కించాడు.

అధికారి ఆమెను గుర్తుపట్టాడు. "ఆ రోజు అలా అన్నావు, ఇవాళ బాగుందంటున్నావు. ఎవరు నేర్పారమ్మా?"

"మంచిగున్నదని రాసుకో. గని జెప్పినంక మా గల్లా అడుగమని మాటియ్యి."

అతనికి అర్థం కాలేదు. తలుపు దగ్గరున్న బంట్రోతు మా వైపు వాడే. దగ్గరికి పోయి, గల్లా అంటే ధాన్యమనీ, లెవీ సంగతీ మెల్లగా చెప్పాడు. అధికారి కలం కింద పెట్టాడు. ధాన్యం అడగం అన్నాడు.

"నువ్వు బదిలయితె?"

అతను ఆ మాట దాటేసి ఫైలు తెరిచాడు. మూసివేత కాగితం మాత్రం వెనక్కి తీసుకున్నాడు. మరుసటేడు కోటా వచ్చింది. వీధిలో తిరిగి రాసుకున్న మాటలు ఏ ఫైలులో ఉండిపోయాయో, అవే ఇప్పుడు అచ్చయ్యాయి. షావుకారు ఇందులో ఏమీ చెయ్యలేదని అందరూ అంటారు. నేను ఇప్పటికీ పూర్తిగా నమ్మను.

సాయం చేసినవాళ్లకు పేరుపేరునా కృతజ్ఞత చెప్పడం పద్ధతి. సాయిబును అడిగాను, దర్జీ అని రాస్తే చాలన్నాడు. బంట్రోతు తన మాటే ఎత్తొద్దన్నాడు. ఇంతమాత్రం ఎత్తినందుకు మన్నించాలి. ముసలమ్మ మగ్గం గది తలుపు దగ్గరగా వేసి వచ్చి చెప్పింది:

"పేరు రాస్తె రేపు ఊరు గూడ రాస్తవు. మంచిగున్నమని ఎవరికి జెప్పకు బిడ్డా."